రెజ్యూమె సంగతి తర్వాత, ముందు నాన్నగారికి చెప్పండి

హైదరాబాద్ నుంచి ఒకాయన రాశారు. వయసు 45. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఇరవై ఏళ్లు చేశాక కంపెనీ తీసేసింది, ఏడాది దాటింది. ఇంటర్వ్యూ అంటే గొంతు పెగలడం లేదట. ఇంట్లో ఉండలేక చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టారు. అక్కడ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్న చూపులేని కుర్రాడికి ఒకరోజు నాలుగు పేజీలు చదివి పెట్టారు, ఇప్పుడు రోజూ చదువుతున్నారు, ఫోన్‌లో రికార్డు చేసి కూడా ఇస్తున్నారు. 'మళ్లీ మనుషుల్లో పడ్డాను' అంటున్నారు. ఆయన ప్రశ్న: ఈ సేవను రెజ్యూమెలో రాస్తే గ్యాప్ కవర్ అవుతుందా? ఆ కుర్రాడు చెప్పే జవాబులు పరీక్షలో రాసిపెట్టే స్క్రైబ్‌గా కూడా వెళ్లొచ్చా?

రాసుకోండి, రెండు లైన్లు చాలు. గ్యాప్ ఎందుకొచ్చిందంటే తీసేశారనే చెప్పండి, హైదరాబాద్‌లో ఆ మాట కొత్తగా వినే హెచ్ఆర్ ఎవరూ లేరు. స్క్రైబ్‌ సంగతి మాత్రం తొందరపడి మాటివ్వకండి. అభ్యర్థి తన వెంట తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. డిగ్రీ వాళ్లు రాసే పరీక్షకు బీటెక్ చదివిన మీరు పనికిరాకపోవచ్చు. నోటిఫికేషన్‌లో ఏముందో ఇద్దరూ కలిసి చూసుకోండి. పరీక్ష దగ్గరపడ్డాక మీరు కాదంటే ఆ అబ్బాయికి నష్టం.

మీ ప్రశ్నలకు జవాబు అంతే. ఇక అసలు విషయం. రెండు పేజీల ఉత్తరంలో చివర్న, ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క ముక్క రాశారు: 'నాన్నకు ఇంకా చెప్పలేదు, సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే మా ఆవిడ మీటింగ్‌లో ఉన్నారంటుంది, పాపకు కూడా చెప్పి ఉంచాం.'

ఏం చెప్పి ఉంచారండీ? తొమ్మిదో తరగతి పిల్లకు తాతయ్యతో అబద్ధమాడమని. ఇది చదివి నాకు కోపమే వచ్చింది, దాచుకోను. ఉద్యోగం పోవడంలో మీ తప్పు లేదు, ఆ అబద్ధం మాత్రం మీరు చేతులారా కట్టింది. స్టాఫ్ నర్సుగా డ్యూటీ చేసి, ఈఎంఐ కట్టి, ఇంటికొచ్చి మామగారి ముందు మీ పరువు కాపాడే డ్యూటీ కూడా మీ ఆవిడదేనా? ఆవిడ ఏమీ అనడం లేదని రాశారు. అనదు. మనిళ్లల్లో అలాంటి మాట ఏ భార్య మొదట అంటుంది గనక.

మీ గొంతు ఇంటర్వ్యూలో ఎందుకు పెగలడం లేదో నాకు ఇక్కడే తెలిసిపోయింది. రోజూ పొద్దున లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయటికి వస్తూ, అపార్ట్‌మెంట్‌లో మీ ఊరివాళ్లెవరైనా చూస్తారేమోనని, సూర్యాపేటలో ఎవరి చెవినైనా పడుతుందేమోనని ఏడాదిగా బిక్కుబిక్కుమంటూ బతుకుతున్న మనిషి, ఎదుటివాడు 'ప్రస్తుతం ఏం చేస్తున్నారు' అనగానే తడబడక ఏం చేస్తాడు? లైబ్రరీలో ఆ కుర్రాడి పక్కన మీకు తడబాటు లేదు, ఎందుకంటే అతని దగ్గర మీరు ఏదీ దాచడం లేదు, ఉద్యోగం లేదని మొదటి రోజే చెప్పానని మీరే రాశారు. అతను మీ కోసం ఎదురుచూస్తున్నాడు, మీరు వెళ్తున్నారు, చదువుతున్నారు. మీకు బలం ఇచ్చింది అదే. అయితే ఆ లైబ్రరీ కూడా దాక్కునే చోటు అయిపోతోందేమోనని నా అనుమానం. రోజూ అక్కర్లేదు, వారానికి మూడు రోజులు, టైము పెట్టుకుని వెళ్లండి. ఇంటర్వ్యూ ఉన్నరోజు రానని అతనికి ముందే చెప్పండి, అర్థం చేసుకుంటాడు, పోటీ పరీక్షలు రాసేవాడికి ఎదురుచూపులు కొత్త కాదు.

నాన్నగారు ఎకరం అమ్మి మిమ్మల్ని ఇంజినీరింగ్ చదివించారు, అందుకే చెప్పలేనంటారు. నేనైతే అందుకే చెప్పాలంటాను. పొలం అమ్మిన మనిషికి కొడుకు సంగతి తెలుసుకునే హక్కు లేదా? ఆయన గుండె తట్టుకోదని మీరే తేల్చేశారు, ఆయన్ని అడిగారా? ఎకరం అమ్మినరోజు తట్టుకున్నారు కదా.

ఈ ఆదివారం నాన్నగారి దగ్గరికి ఒక్కరే వెళ్లండి. భార్యను వెంటబెట్టుకుని వెళ్లి ఆవిడ చేత చెప్పించొద్దు. తిడతారు. ఏడాది దాచావా అని ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా, పడండి. ఆయన సోషల్ టీచరుగా రిటైరయ్యారన్నారు, 1969 తెలంగాణ ఉద్యమం నాటికి కాలేజీలో ఉన్నారన్నారు. ఆ కుర్రాడు నాలుగో పేపర్‌లో స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల గురించి, ఆంధ్ర, తెలంగాణ నేతలు 1956లో చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం గురించి అడిగితే మీరు చెప్పలేకపోయారట కదా. కోపం తగ్గాక ఆయన్ని అడిగి రాసుకోండి, ఒప్పుకుంటే రికార్డు చేసి ఆ అబ్బాయికి ఇవ్వండి. ఒప్పుకోకపోతే బలవంతం చేయొద్దు.

బయల్దేరే ముందు మాత్రం పాపను కూర్చోబెట్టి, తాతయ్యకు ఇక అబద్ధం చెప్పక్కర్లేదని మీ నోటితోనే చెప్పండి.