బీపీటీ తర్వాత తక్కువ ఖర్చులో ఏ రీహాబ్ సర్టిఫికెట్ చెయ్యాలి?

మీ ప్రశ్న ఇదీ: బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ అయింది, దాని మీద పీజీ అయిన ఎంపీటీకి రెండేళ్లూ లక్షలూ పెట్టే పరిస్థితి ఇంట్లో లేదు, ఉండేది వైజాగ్, రీహాబ్‌లో, అంటే జబ్బు తర్వాత మనిషిని మళ్లీ కోలుకునేలా చేసే పనిలో, చవగ్గా అయ్యే పీజీ సర్టిఫికెట్ ఏదైనా చెప్పమన్నారు. అమెరికా యూనివర్సిటీల ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పనికొస్తాయా అని కూడా అడిగారు. నేను 14 ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఫిజియోని. గాజువాక నుంచి భీమిలి దాకా ఇళ్లకు వెళ్లి చేశాను. కోర్సు పేరు చెప్పేముందు నాకు జరిగింది చెప్పాలి.

నా మొదటి జీతం 9,000. అందులోంచి మిగిల్చి మిగిల్చి, 18,000 కట్టి మూడు రోజుల టేపింగ్ కోర్సు (నొప్పి ఉన్నచోట చర్మం మీద సాగే టేపు అంటించే పద్ధతి) చేశాను. హోటల్ హాల్లో పెట్టారు. 60 మందిమి, పేషెంట్‌ని పడుకోబెట్టే కౌచ్‌లు రెండే. నేను వెనక వరసలో మునివేళ్ల మీద నిలబడి తలల సందుల్లోంచి చూశాను. ఆ మూడు రోజుల్లో ఒక్క పేషెంట్‌ని కూడా తీసుకురాలేదు. మాకు మేమే ఒకరి భుజానికి ఒకరం టేపులు అంటించుకున్నాం. ఆఖరి రోజు సాయంత్రం సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఫొటో తీశారు. మా అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది.

నెల తిరక్కుండా మల్కాపురంలో ఒక కేసు వచ్చింది. పెద్దాయన షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. వచ్చి ఆరు వారాలైంది. భుజం నొప్పికి రాత్రుళ్లు నిద్ర లేదు. చూస్తే భుజం ఎముక కిందికి జారింది, పైన వేలు దూరేంత సందుంది. నాకు ధైర్యం వచ్చేసింది, దీనికే కదా నేర్చుకున్నాను అని. నీలం టేపు తీసి, హాల్లో చూపించినట్టే కొలిచి, సాగదీసి అంటించాను. పైగా వాళ్లింటి దూలానికి కప్పీ కట్టించి, కుడి చేత్తో తాడు లాగుతూ ఎడమ చెయ్యి పైకి లేపమన్నాను. కాలేజీ రోజుల్లో ఎక్కడో అలా చూశాను.

నాలుగో రోజు వెళ్లేసరికి ఆయన ఏడుస్తున్నారు. నలభై ఏళ్లు నిప్పురవ్వల మధ్య పనిచేసిన మనిషి, గోడవైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. టేపు కింద చర్మం కందిపోయింది. నేను ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయాను. ఇంతలో బాత్రూమ్‌కి తీసుకెళ్దామని కొడుకు వచ్చి, ఆ పడిపోయిన ఎడమ చెయ్యే పట్టుకుని గట్టిగా గుంజి లేపాడు. ఆయన కేక నాకిప్పటికీ వినపడుతుంది. "రోజూ ఇలాగే లేపుతారా?" అని అడిగాను. వాళ్లావిడ, "మరేటి సెయ్యమంటావు తల్లీ? ఆ సెయ్యి అట్టుకోకపోతే ఇంకేటి అట్టుకుంటాం?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 18,000 కోర్సులో అది ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మర్నాడు నాకు తెలిసిన ఒక సీనియర్ అక్క దగ్గరికి వెళ్లాను. ప్రభుత్వాసుపత్రిలో చేసేది. అంతా విని, తిట్టలేదు. సూపరింటెండెంట్‌కి అర్జీ పెట్టించి, మూడు నెలలు ఉదయం పూట తన పక్కన నిలబడనిచ్చింది. భుజాన్ని పట్టి ఉంచే కండరాలు మెత్తబడిపోయినప్పుడు చేతి బరువే ఎముకను కిందికి లాగేస్తుందనీ, అలాంటి చేతిని గుంజినా, కప్పీతో తలపైకి లేపినా లోపల కణజాలం నలిగిపోతుందనీ నాకు అక్కడే ఒంటికి పట్టింది. లేపేటప్పుడు పట్టుకోవాల్సింది చేతిని కాదు, వీపు మీద రెక్క ఎముక దగ్గర. కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు ఉండాలి. పడుకోబెట్టేటప్పుడు భుజం వెనక్కి పడిపోకుండా చూడాలి. మల్కాపురం వెళ్లి కొడుక్కీ, వాళ్లావిడకీ, పక్కింటి కుర్రాడికీ కూడా నేర్పాను. నన్నే మంచం మీద కూర్చోబెట్టి లేపించుకుని చూశాను. కప్పీ విప్పించేశాను. మూడు వారాలకు ఆయన రాత్రంతా పడుకున్నారు. ఆ మూడు నెలల చదువుకి నాకైన ఖర్చు బస్‌పాసు, మధ్యాహ్నం టిఫిను.

అందుకే మీరు ఫీజు చూసి చవక అనుకోకండి. సిలబస్ తెప్పించి అందులో అసలు పేషెంట్ మీద, పక్కన ఒకరు చూస్తుండగా మీరు చేసే గంటలు ఎన్నో లెక్కపెట్టండి. ఫీజుని ఆ గంటలతో భాగించండి. 18,000 ని సున్నాతో భాగిస్తే ఏమొస్తుందో నాకు తెలుసు.

అమెరికా సంగతి. అక్కడి గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే మామూలుగా 12 నుంచి 18 క్రెడిట్లు, అంటే అక్కడ చదువుని కొలిచే, ఫీజు కట్టే యూనిట్లు. క్రెడిట్ 500 డాలర్లే అనుకున్నా 15 క్రెడిట్లకు 7,500 డాలర్లు, మన డబ్బుల్లో ఆరు లక్షలు దాటుతుంది. అంత పోసినా అది లైసెన్స్ ఇవ్వదు. అక్కడ ఫిజియోగా చెయ్యాలంటే మన డిగ్రీని విడిగా మూల్యాంకనం చేయించుకోవాలి, ఎన్‌పీటీఈ అనే అక్కడి ఫిజియో లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. ద్వారకానగర్‌లో కన్సల్టెన్సీ వాళ్లు "సర్టిఫికెట్ ఉంటే దారి ఈజీ మేడమ్" అని మా చెల్లెలితో కూడా అన్నారు. లైసెన్స్ గురించి గట్టిగా అడిగితే మాట మార్చారు. ఇప్పటికే అక్కడ లైసెన్స్ ఉన్నవాళ్లు ఒక అంశంలో లోతుకి వెళ్లడానికి చేసుకుంటే అర్థముంది. మీకు మాత్రం వద్దు.

ఇక్కడైతే, జాతీయ సంస్థలు పెట్టే చిన్న శిక్షణల మీద కన్నేసి ఉంచండి. ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద పేరుతో జాతీయ రీహాబ్ సంస్థ ఉంది, మనకి ఒక రాత్రి రైలు ప్రయాణం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. పిల్లలతో పని చెయ్యాలని ఉంటే అదే మంచిది. పుస్తకం చదువుకి మాత్రం లక్షలు పొయ్యద్దు. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల సైట్లు స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం. నేను బయోమెకానిక్స్ (ఒంటి కదలికల శాస్త్రం) అలాగే చదివాను, పరీక్ష రాసినందుకు 1,000 కట్టాను, అంతే.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పకుండా ఉండలేను. మూడు నెలల సర్టిఫికెట్ చేసి స్పీచ్ థెరపీ మొదలుపెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ లాంటివాళ్లు 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కిందికి వస్తారు. ఆ రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీసు చేస్తే జైలు శిక్ష దాకా ఉంది. మన ఫిజియోలు, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు 2021 లో వచ్చిన వేరే చట్టం కిందికి వస్తాం. ఈ తేడా తెలియని తల్లిదండ్రులు, ఎంవీపీ కాలనీలో ఒక గది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టిన ప్రతివాళ్ల దగ్గరికీ మాటలు రాని పిల్లల్ని తీసుకెళ్తున్నారు. మూడేళ్లప్పుడు సరైన చేతుల్లో పడాల్సిన పిల్లలు ఆరేళ్లకి నా దగ్గరికి వస్తున్నారు. ఆ పోయిన మూడేళ్లు ఎవరు తెచ్చిస్తారు? నాకు దీని మీద కోపం తగ్గదు.

కాబట్టి ఎవరు కోర్సు అమ్మజూపినా ముందు మూడు అడగండి. ఈ కాగితంతో నా పేరు ఏ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది? నా బ్యాచ్‌లో ఎంతమందికి ఒక కౌచ్? కిందటి బ్యాచ్ వాళ్లలో ఇద్దరి నంబర్లు ఇస్తారా? "ఈ రాత్రి 12 లోపు కడితే సగం ఫీజే" అని మెసేజ్ వస్తే, ఆ రాత్రి హాయిగా పడుకోండి.

సిలబస్ చేతికొచ్చాక కోచింగ్ సెంటర్ పేరు కొట్టేసి ఇక్కడ పెట్టండి. అందులో పేషెంట్ గంటలు ఎన్నో నేను లెక్కపెట్టి చెబుతాను.