జ్ఞానులు దారి అడిగారు

ఈ వారం ఉత్తరాలకు సండేస్కూల్ టీచరమ్మ జవాబులు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది గుంటూరు దగ్గర పల్లె. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి చర్చిలోనే పెరిగాను. ఈమధ్య ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. దేవుడున్నాడా లేడా అని రాత్రిళ్లు యూట్యూబ్‌లో చర్చలు చూస్తుంటాను. ఒకాయన మాట్లాడితే ఆయనే కరెక్ట్ అనిపిస్తుంది, తర్వాత ఇంకొకాయన వింటే ఆయనే కరెక్ట్ అనిపిస్తుంది. మా అమ్మ రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో వాక్యం పంపుతుంది, దండం బొమ్మ పెట్టి వదిలేస్తాను. ఈ క్రిస్మస్ నాటకంలో తూర్పు దేశపు జ్ఞానిగా వేయమని మా ఊరి యూత్ వాళ్లు అడుగుతున్నారు. నమ్మకం ఉందో లేదో తెలియనివాడు ఆ వేషం వేసి మోకరిస్తే దేవుణ్ణి మోసం చేసినట్టు కాదా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, వేషం వెయ్యి. ఎందుకు వేయమంటున్నానో చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదువు.

బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన ఆ జ్ఞానులు ఇంటి దగ్గర బయలుదేరేటప్పటికి వాళ్ల దగ్గర ఏముంది? ఒక నక్షత్రం. అంతే. వాళ్లు యూదులు కారు, మోషే ధర్మశాస్త్రం చదువుకుంటూ పెరిగినవాళ్లు కారు. తూర్పున పర్షియా, బాబిలోను వైపు ఆకాశాన్ని చూసి లెక్కలు కట్టే పండితులు అయ్యుంటారు. వాళ్లకు తెలిసిన విద్యలోనే వాళ్లకు ఒక కబురు అందింది. అది పట్టుకుని బయలుదేరారు. పూర్తిగా నమ్మకం కుదిరాకే కదిలారని వాళ్ల కథ చెప్పిన మత్తయి తన సువార్తలో ఎక్కడా రాయలేదు.

పైగా వాళ్లు ముందు వెళ్లింది యేసు పుట్టిన బేత్లెహేముకు కాదు. రాజు పుట్టాడంటే రాజధానిలోనే కదా పుడతాడని యెరూషలేము వెళ్లారు. అక్కడ గట్టిగా అడిగారు: “యూదుల రాజుగా పుట్టినవాడెక్కడ నున్నాడు?” ఈ ప్రశ్న ఎవరి ఊళ్లో అడిగారో గమనించు. అప్పుడు అక్కడ ఏలుతున్న హేరోదుకు “యూదుల రాజు” అన్న బిరుదు క్రీ.పూ. 40లో రోము సెనేటు ఇచ్చింది. అంటే అది పుట్టుకతో వచ్చింది కాదు, పెద్ద ప్రభుత్వం దయతో వచ్చింది. కట్టుకున్న భార్యనే చంపించినవాడు, కన్నకొడుకులను కూడా చంపించినవాడు అతను. అలాంటివాడి ఊళ్లో నిలబడి “పుట్టిన రాజు ఎక్కడ?” అని అడిగితే, అతనితోపాటు ఊరంతా కలవరపడిందని మత్తయి రాశాడు. పడక ఏం చేస్తుంది! మన నాటకాల్లో హేరోదు వేసిన కుర్రాడు కళ్లెర్రజేసి కేకలు పెడితే జనం నవ్వుతారు. ఆ రోజు యెరూషలేములో ఎవరికీ నవ్వు వచ్చి ఉండదు.

ఇక నేను ఎన్నేళ్లు పాఠం చెప్పినా దాటి వెళ్లలేని చోటు ఒకటుంది. హేరోదు ప్రధానయాజకులను, లేఖనాలు చదివిన శాస్త్రులను పిలిపించి క్రీస్తు ఎక్కడ పుడతాడని అడిగాడు. వాళ్లు తడుముకోలేదు. పాత ప్రవక్త మీకా రాసిన ప్రవచనం అప్పజెప్పి, బేత్లెహేము అన్నారు. జవాబు సరైనదే. యెరూషలేము నుంచి బేత్లెహేముకు తొమ్మిది పది కిలోమీటర్లు, పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి ఇంటికి రావచ్చు. కానీ వాళ్లలో ఒక్కరైనా జ్ఞానుల వెంట వెళ్లినట్టు సువార్తలో లేదు. భయపడ్డారేమో. హేరోదు ముందు నిలబడి భయపడని వాళ్లెవరు? అయినా చీకటి పడ్డాకైనా, చాటుగానైనా, ఒక్కడు గాడిదెక్కి వెళ్లి ఉంటే ఎంత బాగుండేదని నాకు ఇప్పటికీ బాధ.

నువ్వు రాత్రిళ్లు వినే చర్చలను నేను తప్పుపట్టడం లేదు. ఆ శాస్త్రుల మాట లేకపోతే జ్ఞానులకు ఊరిపేరు తెలిసేది కాదు. కానీ జ్ఞానులు అక్కడే కూర్చుని మీకా గ్రంథం మీద ఇంకో వాదన వినలేదు. ఊరిపేరు తెలిసింది, లేచి వెళ్లిపోయారు. దారిలో మళ్లీ ఆ నక్షత్రం కనబడింది. “అత్యానందభరితులై” అని రాసి ఉంది. వాళ్లింకా ఇంట్లోకి అడుగుపెట్టలేదు, బిడ్డను చూడలేదు. అప్పటికే అంత సంతోషం!

మా వారు పోయాక నాకూ మాట రాలేదు. కొన్ని నెలలు చర్చిలో ఊరికే కూర్చున్నాను. నా పక్కన ఒక పెద్దామె కూర్చునేది. ఆమెకు చదువు రాదు, పాటలన్నీ నోటికి వచ్చు. ప్రతి ఆదివారం కీర్తనల పుస్తకం తెరిచి నా ఒళ్లో పెట్టేది. పేజీ సరైనదో కాదో ఆమెకు తెలియదు. పాడమని ఒక్కసారి కూడా అనలేదు. నేను పాడకపోయినా ఆమె పాట నా చెవిలో పడేది. ఆ రోజుల్లో నా విశ్వాసం ఎంత అంటే నేను చెప్పలేను, ఆ బెంచీ మీద కూర్చోవడం మాత్రం మానలేదు.

కాబట్టి నీకు చెప్పేది ఇది. ఫోన్ పక్కన పెట్టి మత్తయి రెండో అధ్యాయం మొదటి పన్నెండు వచనాలు నీ గదిలో పైకి చదువు. ప్రార్థన రాకపోతే “నువ్వెక్కడున్నావు?” అని మాత్రం అడుగు. జ్ఞానులు అడిగింది అదే. మీ అమ్మకు ఈసారి దండం బొమ్మ వద్దు, ఫోన్ చేసి “అమ్మా, నాకు ప్రార్థన రావడం లేదు” అని చెప్పు. ఆమె కంగారు పడుతుంది, పడనివ్వు. ఆ తర్వాత ఊరికి వెళ్లి, అమ్మ పట్టుచీర భుజాన కప్పుకుని, దూది గడ్డం అంటించుకుని, ఆ బొమ్మ తొట్టి ముందు మోకరించు. మోకరించేటప్పుడు నీకు తోచింది తోచినట్టు ఆయనతో చెప్పుకో. వెతుకుతున్నవాడు వెతికేవాడి వేషం వేస్తే అందులో మోసం ఏముంది?

ప్రశ్న: జ్ఞానులు ముగ్గురేనా, ఆ నక్షత్రం ఏది అని సండేస్కూల్ పిల్లలు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక టీచర్, రాజమండ్రి

జవాబు: మత్తయి లెక్క చెప్పలేదని చెప్పండి. కానుకలు మూడు (బంగారం, సాంబ్రాణి, బోళం) కాబట్టి మనుషులు ముగ్గురనుకున్నాం. రోములోని ఒక భూగర్భ సమాధి గోడమీద ఇద్దరినే చిత్రించారు. సిరియా క్రైస్తవుల సంప్రదాయంలో పన్నెండు మంది. రాజులని గానీ, ఒంటెల మీద వచ్చారని గానీ మత్తయి రాయలేదు. మెల్కియోరు, గస్పారు, బల్తజారు అన్న పేర్లు తర్వాత వచ్చినవే. ఇటలీలోని రవెన్నాలో ఆరో శతాబ్దపు చర్చి గోడమీద ఆ పేర్లు కనిపిస్తాయి. జర్మనీలోని కొలోన్ కెథెడ్రల్‌లో వాళ్ల ఎముకలని నమ్మే వాటిని బంగారు పేటికలో ఉంచారు. 1164లో మిలాను నుంచి తెచ్చారు. అక్కడ చదువుకునే మన పిల్లలు ఎవరైనా ఉంటే వెళ్లి చూడమనండి.

నక్షత్రం సంగతికొస్తే, క్రీ.పూ. 7లో గురుడు, శని మీనరాశిలో మూడుసార్లు దగ్గరగా వచ్చాయి. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడనేది ఎక్కువమంది చరిత్రకారుల మాట, కాబట్టి కాలం కుదురుతుంది. ఆ ఏడాది గ్రహాల స్థానాలు రాసిన బాబిలోను మట్టి పలకలు దొరికాయి కూడా. 1600ల మొదట్లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఈ కలయికను లెక్కగట్టాడు. 2020 డిసెంబరు 21 సాయంత్రం ఆ రెండు గ్రహాలే బాగా దగ్గరగా కనబడ్డాయి, మీ పెద్ద పిల్లలకు గుర్తుండవచ్చు. అయితే ఒక ఇంటిపైకి వచ్చి నిలిచే నక్షత్రాన్ని ఏ గ్రహాల లెక్కా వివరించలేదు. ఆ మాట కూడా పిల్లలకు దాచకుండా చెప్పండి. తెలిసిందీ తెలియనిదీ రెండూ చెప్పే టీచరును పిల్లలు నమ్ముతారు.

ప్రశ్న: మేము హిందువులం. పక్క ఫ్లాట్ వాళ్లు క్రిస్మస్ ఆరాధనకు రమ్మన్నారు. వాళ్లింట్లో బైబిల్ చదువుతుంటే బాలయేసుకు సాంబ్రాణి ఇచ్చారని విన్నాను. మేం పసిపిల్లలకు తలంటాక వేసే సాంబ్రాణేనా అది? మేము చర్చికి రావచ్చా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: తల్లీ, మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. పసిబిడ్డ ఉన్న ఇంటికి సాంబ్రాణి తెచ్చారంటే మీకు వెంటనే ఆ పొగ వాసన గుర్తొచ్చింది చూశారా! మన కొట్లలో దొరికేది ఎక్కువగా సుమత్రా వైపు నుంచి వచ్చే వేరే చెట్టు బంక. జ్ఞానులు తెచ్చినది అరేబియా దక్షిణాన, సోమాలియా వైపు పెరిగే చెట్టుది. బెరడుకు గాటు పెడితే పాలలాంటి బంక కారి, ఎండి గడ్డకడుతుంది. ఆ చెట్టు జాతికే చెందిన కొండ సాంబ్రాణి మన శేషాచలం అడవుల్లో ఉంది. యెరూషలేము దేవాలయంలో దేవుని ముందు వేసే ధూపంలో ఈ సాంబ్రాణి కూడా ఉండేది. ఒక పేదింటి బిడ్డ ముందు దాన్ని పెట్టారంటే, ఆ బిడ్డలో వాళ్లు ఎవరిని చూశారో ఆలోచించండి.

చర్చికి తప్పకుండా రండి. సువార్తలో ఆ బిడ్డను వెతుక్కుంటూ దూరదేశం నుంచి వచ్చినవాళ్లు కూడా వేరే మతం వాళ్లే. మీరేమీ తేనక్కర్లేదు, ఎక్కడ కూర్చోవాలో మీ పక్కింటి వాళ్లు చూపిస్తారు. క్రిస్మస్ రోజు చాలా రద్దీగా ఉంటుంది, పిల్లలతో వస్తుంటే ఒక అరగంట ముందే బయలుదేరండి.