పాటు మొదలయ్యేలోపే చేరుకో

అల్లుడూ,

తెడ్డుతో నడిపే చిన్న పడవ, అదే కయాక్ వచ్చింది, గాలాలు వచ్చాయి, ఇక అఖాతంలో ఏ మూలకి వెళ్ళాలో చెప్పమని రాశావు. మూల సంగతి తర్వాత. ముందు వేళ తేల్చుకో.

చాలా తీరాల్లో నిండు పోటు నుంచి నీరు పూర్తిగా దిగడానికి, అంటే పాటుకి, ఆరుంపావు గంటలు పడుతుంది. మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అయితే ఆ ఆరు గంటలూ నీరు ఒకే తీరుగా దిగదు. దిగే ఎత్తుని 12 వాటాలు చేస్తే మొదటి గంటలో ఒకటి, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఆపైన రెండు, చివర ఒకటి. అంటే సగం నీరు నడిమి రెండు గంటల్లోనే పోతుంది. పోటుకి మడచెట్ల వేళ్ల మధ్యకి చేరిన రొయ్యా, చిన్న చేపా అప్పుడు కాలవ నోట్లోంచి బయటికి రాక తప్పదు. పెద్ద చేప ఆ నోటి పక్కనే, నీటి ఒరవడి తగలని చాటున కాచుక్కూర్చుంటుంది. నువ్వు పాటు మొదలవకముందే వెళ్ళి 15 మీటర్ల ఇవతల ఆగాలి. ఆలస్యంగా తెడ్డు వేసుకుంటూ దాని నెత్తిమీంచి వెళ్తే ఆ పూట అక్కడ ఇంకేం దొరకదు. తెడ్డు కయాక్ పక్కకి తగిలిన టకటక నీళ్ళలో చాలా దూరం పోతుంది.

బురద మేటల మీద పాటు చివరిదాకా ఉండిపోకు. ఒకవేళ ఇరుక్కుంటే దిగి నడవబోకు, తొడల దాకా కూరుకుపోతావు. నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా కయాక్‌లోనే కూర్చో. తాగునీళ్ళు కాస్త ఎక్కువ పెట్టుకోమనేది ఇందుకే.

గాలి విషయంలో కొత్తవాళ్ళు మోసపోయేది ఒక్కచోటే. నేల మీంచి సముద్రం వైపు వీచే గాలికి ఒడ్డు దగ్గర నీరు అద్దంలా ఉంటుంది. అర కిలోమీటరు పోయాక అల లేస్తుంది, తిరుగు దారంతా ఎదురుగాలే. అలాంటి రోజు దిగకు. మామూలు రోజుల్లో కూడా ముందు గాలికి ఎదురు వెళ్ళు, అలిసిపోయాక అదే నిన్ను వెనక్కి తెస్తుంది. గాలి ఒకవైపు, ఒరవడి దానికి ఎదురు ఉంటే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అఖాతం ముఖద్వారం దగ్గర ఇది మరీ ఎక్కువ.

ఇప్పుడు లంగరు. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే కయాక్‌ని బోల్తా కొట్టించే సామాన్లలో ఇదే మొదటిది. తాడు నీ నడుము పక్కన కట్టావనుకో, ఒరవడి కయాక్‌ని అడ్డం తిప్పి, తాడున్న వైపు అంచుని నీళ్ళలోకి లాగుతుంది. అందుకని ముక్కు దగ్గర ఒక చిన్న కప్పీ, తోక దగ్గర ఒకటి బిగించి, రెంటి మధ్య పక్కవెంట తాడుని చుట్టులా తిప్పి దానికి ఒక రింగు కట్టు. లంగరు తాడు ఆ రింగులోంచి పోవాలి. లంగరు దించి చుట్టు లాగితే రింగు కొసకి జరుగుతుంది, కయాక్ ఒరవడికి నిలువుగా నిలుస్తుంది. తాడు ఇవతలి కొస ఒక్క లాగుకి ఊడే ముడితో చేతికందే చోట ఉండాలి, దానికొక తేలుడు బెండు కూడా కట్టు. పెద్ద చేప పడినా, పడవ మీదికొచ్చినా తాడు వదిలేసి తర్వాత వచ్చి తీసుకోవచ్చు. మడతపెట్టే లంగరు కిలోన్నర చాలు, తాడు లోతుకి మూడింతలైనా వదలాలి. ఇసుక మీదే వెయ్యి. సముద్రపు గడ్డిలో వేస్తే వేళ్ళతో పెకలించుకొస్తుంది. తాబేళ్ళు మేసేదీ, చేపపిల్లలు దాక్కునేదీ అక్కడే. ఒరవడి జోరుగా ఉంటే లంగరు ఊసే వద్దు.

రాడ్ 2.1 మీటర్లది తీసుకో. చేప కయాక్ ముక్కు కిందుగా అవతలికి దూకినప్పుడు రాడ్ కొసని ఆ ముక్కు చుట్టూ తిప్పడానికి ఆ పొడవు కావాలి. నాలుగున్నర కిలోల బరువు ఆపే దారానికి డ్రాగ్, అంటే చేప లాగితే రీలు దారాన్ని వదిలే బిగువు, కిలోన్నర దాటనివ్వకు, స్ప్రింగ్ త్రాసుతో లాగి చూసుకో. రెండు మీటర్ల లోతు దాకా 5 గ్రాముల జిగ్ (బరువు తలున్న గాలపు ఎర), ఒరవడి ఉంటే 10. ఒరవడికి ఎగువన విసిరి, రెండుసార్లు ఎత్తి వదులు. చేప ఎక్కువగా ఎర కిందికి దిగేటప్పుడే పడుతుంది, దారం వదులవగానే తెలుసుకోవాలి. చేపని వలలోకి తీసేటప్పుడు నీ తల మాత్రం కయాక్ అంచు దాటకూడదు. తల ఎటు పోతే ఒళ్ళంతా అటే.

జెల్ల పడితే చేత్తో పట్టకు, వీపు మీదా, రెండు పక్కలా విషపు ముళ్ళుంటాయి. దిగేచోట పాదాలు ఎత్తకుండా ఇసుకలో రాస్తూ నడిస్తే తోకలో విషపు ముల్లుండే టేకు చేప తప్పుకుంటుంది. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో గంటసేపు ముంచి ఉంచి, ఆసుపత్రికి వెళ్ళాలి.

పక్షులు నీ కళ్ళు. అవి నీళ్ళలోకి బాణాల్లా పడుతుంటే చేపల గుంపు పైనే ఉంది, నీటి మీద ఊరికే కూర్చుంటే కిందికి దిగిపోయింది. గుంపు మధ్యలోకి పోకుండా అంచున ఆగి విసురు. నిండు పోటు వేళ ఇసుక మేటల మీద ఒంటికాలిపై నిలబడ్డ ఉల్లంకి గుంపుల్ని మాత్రం లేపకు. వాటి చుట్టమైన గాడ్‌విట్ జాతి పక్షిపిల్ల ఒకటి 2022లో అలాస్కా నుంచి టాస్మేనియాకి ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వు ఇలాంటి మేటల దగ్గరే పెంచుకోవాలి. లేపిన ప్రతిసారీ కొంత కరుగుతుంది. డాల్ఫిన్లు కనబడితే తెడ్డు ఆపు. వాటంతట అవి వస్తే సరే, 50 మీటర్ల లోపలికి నువ్వు పోకు.

పక్షి నీ గాలానికి తగులుకుంటే దారం తెంపెయ్యకు, ఆ దారమే చెట్టుకి చిక్కి దాన్ని చంపుతుంది. మెల్లగా దగ్గరికి లాగి, తల మీద గుడ్డ కప్పి, కొక్కెం మొనని ముందుకి తోసి, మొన దగ్గరి ఎదురు ముల్లు కత్తిరించి వెనక్కి తియ్యి. అందుకు జాకెట్ జేబులో కట్టర్ పెట్టుకో.

మొదటిసారి అష్టమి దగ్గర పెట్టుకో, అమావాస్య, పౌర్ణమిల పోటు కన్నా ఒరవడి తక్కువ. ముందు రొమ్ము లోతు నీళ్ళలో కావాలనే బోల్తా పడు: కయాక్‌ని తిప్పి, కాళ్ళు తన్ని, పొట్ట అడ్డంగా వేసి, తిరిగి కూర్చో. లైఫ్ జాకెట్ తొడుక్కునే, పదిసార్లు. ఏ వేళకి దిగుతున్నావో, ఏ వైపు పోతున్నావో, ఎన్నింటికి ఒడ్డుకొస్తావో కాగితం మీద రాసి అక్క చేతికివ్వు. గంట దాటితే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో కూడా అందులో ఉండాలి.

మీ మామయ్య