కూడే ముందు తేడాలు చూడు

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన లెక్కల కాగితం చూశాను. 1 నుంచి 100 వరకు ఉన్న 7 గుణిజాల సగటు కోసం 14 సంఖ్యలూ రాసి, కూడి, భాగించావు. జవాబు 52.5 సరైనదే. కానీ పరీక్ష హాలులో అంత కూడికకు సమయం ఎక్కడిది?

7, 14, 21 అంటూ 98 దాకా చూడు. ఏ రెండు పక్కపక్క పదాలకైనా తేడా 7. పదో తరగతిలో చదివిన అంకశ్రేఢి ఇదే. ఇందులో మొదటి పదం, చివరి పదం కలిపి సగం చేస్తే సగటు వచ్చేస్తుంది. 7, 98 కలిపితే 105, సగం 52.5. కారణం తెలుసుకున్నాకే ఈ పద్ధతి వాడమ్మా. మొదటి నుంచి ఒక పదం ముందుకు వస్తే 7 పెరుగుతుంది, చివరి నుంచి ఒకటి వెనక్కి వస్తే 7 తగ్గుతుంది. అందుకే 14, 91 కలిపినా 105. 21, 84 కలిపినా 105. ప్రతి జంట మొత్తమూ ఒకటే కాబట్టి ఒక జంట సగటే మొత్తం వరుసకూ సగటు.

జవాబు పక్కన ప్రశ్నార్థకం పెట్టావు, 52.5 ఏడో ఎక్కంలో లేదనే కాబోలు. ఉండనక్కర లేదు. పదాల సంఖ్య సరి అయితే నడుమ రెండు పదాలు ఉంటాయి, ఇక్కడ 49, 56. సగటు వాటి మధ్య పడుతుంది. పదాల సంఖ్య బేసి అయితే నడిమి పదమే సగటు. వరుసగా వచ్చే 5 సరి సంఖ్యల సగటు 36, పెద్దది ఎంత అని అడిగితే సమీకరణం రాయకు. 36ను నడుమ పెట్టి 38, 40 అని లెక్కపెట్టు, చాలు.

చివరి పదం ఇవ్వని లెక్కలకు ఆర్యభటుడి దారి నాకు ఎంతో ఇష్టం. 499 నాటి ఆర్యభటీయంలో ఆయన ముందు సగటు కట్టి, దాన్ని పదాల సంఖ్యతో గుణించి మొత్తం రాబట్టాడు. మనం బడిలో దీన్ని తలకిందులుగా నేర్పుతున్నాం. సగటుకు ఆయన దారి ఇది: పదాల సంఖ్యలో 1 తీసి, సగం చేసి, పదాంతరంతో, అంటే పక్కపక్క పదాల తేడాతో గుణించి, మొదటి పదం కలపాలి. 5తో మొదలై 4 చొప్పున పెరిగే 21 పదాలు ఉన్నాయనుకో. 20లో సగం 10, నాలుగుతో గుణిస్తే 40, దానికి 5 కలిపితే సగటు 45.

అయితే తేడాలు సమానంగా లేనిచోట ఈ పద్ధతిని నమ్ముకోకు. 2, 4, 8, 16 చివరలు కలిపి సగం చేస్తే 9, అసలు సగటు 7.5. 1 నుంచి 10 వరకు సంఖ్యల వర్గాలకైతే 50.5 అనిపిస్తుంది, నిజానికి 38.5. ప్రశ్న తయారుచేసేవారు 11, 14, 17, 23 అని మధ్యలో 20ని దాటేసి కూడా ఇవ్వగలరు. మొదటి రెండు తేడాలు చూసి తొందరపడితే 17 రాస్తావు, సరైనది 16.25. అందుకే పదాలు కొన్నే ఉంటే అన్ని తేడాలూ చూడు.

ఈ రెండూ చేసి పంపు: 200, 300 మధ్య ఉన్న 9 గుణిజాల సగటు, మొదటి 6 ప్రధాన సంఖ్యల సగటు. ఒకదానికి కూడిక తప్పదు. అది ఏదో, ఎందుకో కూడా కాగితం మీద రాయి.

ప్రేమతో,
పెదనాన్న