పాత బీబీసీ మైక్రోలోని ప్రోగ్రాములను కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: 1984లో మొదలైన, బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ (CLASS) పథకం కింద మా ఉన్నత పాఠశాలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. అప్పట్లో పిల్లలతో కలిసి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాములు కొన్ని క్యాసెట్లలో, కొన్ని ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలలో ఉన్నాయి. మూలన పడి ఉన్న ఒక యంత్రాన్నీ, డ్రైవునూ అనుమతి తీసుకొని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ప్రోగ్రాములను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోవడం, కొత్తవి రాసి మళ్లీ ఆ యంత్రంపై నడపడం ఎలాగో చెప్పగలరా?
– విశ్రాంత గణిత ఉపాధ్యాయులు, ప్రొద్దుటూరు

జవాబు: మాస్టారు గారూ, ముందుగా ఒక మనవి: తొందరపడి కరెంటు ఇవ్వకండి. ఆ యంత్రపు పవర్ సప్లైలో 230 వోల్టులు నేరుగా తగిలే ఫిల్టరు కెపాసిటర్ల పైపూత ఏళ్లు గడిచేకొద్దీ పగిలి, లోపలికి తేమ చేరి, స్విచ్చి వేసిన కాసేపటికే పొగలు కక్కడం ఈ మోడల్‌లో తరచుగా కనిపించేదే. టీవీలు బాగుచేసే అనుభవజ్ఞుడి చేత వాటిని మార్పించాకే ప్లగ్గు పెట్టండి. ఫ్లాపీలను కూడా, కవరుకున్న పొడుగాటి కంతలోంచి వెలుతురు పడేలా పట్టుకొని, మధ్య రంధ్రం దగ్గర వేలితో మెల్లగా తిప్పుతూ పరిశీలించండి. బూజు మచ్చలు కనిపిస్తే దాన్ని డ్రైవులో పెట్టవద్దు, ఎందుకంటే హెడ్డు ఆ బూజును ఈడ్చుకుంటూ పోయి డిస్కు మీద గీతలు పెడుతుంది.

బజారులో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులు మూడున్నర అంగుళాలవి. పైగా బీబీసీ డిస్కుల పాత రికార్డింగు పద్ధతి వాటికి అర్థం కాదు. అందువల్ల ఆ యంత్రం చేతనే చదివించి, వెనుకనున్న ఆర్‌ఎస్ 423 అనే ఐదు పిన్నుల గుండ్రని సాకెట్టు ద్వారా బయటికి పంపించడమే నా దృష్టిలో అన్నిటికన్నా మంచి దారి. దానికి తగిన కేబులు చేయించి, యూఎస్‌బీ సీరియల్ కన్వర్టరుతో ల్యాప్‌టాప్‌కు కలపండి. ప్రోగ్రామును లోడ్ చేసి, *ఎఫ్‌ఎక్స్ (*FX) 8,7 అని సెకనుకు 9600 బిట్ల వేగాన్ని ఎంచుకొని, *ఎఫ్‌ఎక్స్ 3,1 తర్వాత లిస్ట్ (LIST) అని కొడితే, తెరమీద కదిలే ప్రతి అక్షరమూ ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్‌కు (కేబులు మీదుగా అక్షరాలను పంపి, అందుకునే ప్రోగ్రాముకు) కూడా చేరుతుంది. పది కిలోబైట్ల లిస్టింగు పది, పన్నెండు సెకన్లలో వచ్చేస్తుంది. బేసిక్ తన ఆదేశాలను కుదించిన సంకేతాలుగా దాచుకుంటుంది కనుక, ఫైలును ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి; లిస్ట్ ద్వారా వచ్చినది మాత్రం ఎవరైనా చదవగల మామూలు పాఠం.

క్యాసెట్ల విషయంలో టేప్‌రికార్డరు ఇయర్‌ఫోన్ సాకెట్టు నుండి ల్యాప్‌టాప్ మైకుకు తీగ కలిపి, వేవ్ ఫైలుగా రికార్డు చేసుకోండి. ఎంపీ3 వద్దు. ధ్వని మొద్దుబారినట్టు వినిపిస్తే, హెడ్డు పక్కనున్న చిన్న మరను వెంట్రుకవాసి తిప్పి, కూత పదునుగా వినిపించే చోట ఆపండి. ఒకసారి చదివిన టేపు మళ్లీ చదవనిస్తుందన్న భరోసా లేదు కనుక, మొదటిసారే రికార్డు చేసి దాచాలి.

కొత్తవి రాయడానికి ల్యాప్‌టాప్‌లో బీబ్‌ఎమ్ (BeebEm) అనే ఎమ్యులేటరు, అంటే బీబీసీ మైక్రోను అనుకరించే ప్రోగ్రాము చాలు. అక్కడ రాసి, సరిచూసుకొని, అదే కేబులు మీదుగా వెనక్కి పంపవచ్చు. యంత్రంపై *ఎఫ్‌ఎక్స్ 7,7, ఆపైన *ఎఫ్‌ఎక్స్ 2,1 కొడితే, వచ్చే అక్షరాలను కీబోర్డుపై ఎవరో టైపు చేస్తున్నట్టే స్వీకరిస్తుంది. ప్రతి వరుస తర్వాత టెర్మినల్‌లో కొద్దిపాటి విరామం పెట్టకపోతే అక్షరాలు జారిపోవచ్చు. పాఠం చివర *ఎఫ్‌ఎక్స్ 2,0 అనే వరుస ఉంచితే కీబోర్డు మళ్లీ మీ చేతికి వస్తుంది.

అయితే యంత్రపు మెమరీ లెక్క మాత్రం ఎప్పుడూ మనసులో పెట్టుకోండి. మొత్తం 32 కిలోబైట్లలో రంగులు చూపే మోడ్ 2 అనే తెర పద్ధతే 20 తీసుకుంటుంది, డిస్కు వ్యవస్థ ఉంటే మరో 6 పైచిలుకు పోతుంది. మీకు మిగిలేది 5,888 బైట్లు. లెక్కల పాఠాలకైతే ఒక్క కిలోబైటుతో సరిపెట్టుకునే మోడ్ 7నే ఎంచుకోండి.