హిమ్లీలోని ‘క్రూకెడ్ హౌస్’ పబ్ ఎందుకు ఒరిగింది, ఎలా మూతపడింది?

ఇంగ్లండులోని హిమ్లీ గ్రామం దగ్గర 1765లో రైతు ఇల్లుగా కట్టిన ఆ భవనం 1830 ప్రాంతంలో పబ్‌గా మారింది. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో కింద బొగ్గు తవ్వడంతో నేల కుంగి, ఇంటి ఒక పక్క సుమారు 4 అడుగులు దిగిపోయింది. 1940లలో కూల్చివేయాలనుకున్నా, గోడలకు ఊతం కట్టి నిలబెట్టారు. లోపల బల్ల మీద పెట్టిన గోలీ పల్లం నుంచి ఎత్తుకు దొర్లుతున్నట్టు కనిపించేది. చుట్టూ ఉన్న గోడలు, కిటికీలు అన్నీ వాలి ఉండడంతో అసలు వాలు ఎటు ఉందో కన్ను పసిగట్టలేకపోయేది.

2023 జూలైలో ఈ పబ్‌ను అమ్మేశారు. ఆగస్టు 5న మంటల్లో కాలిపోయింది, రెండు రోజులకే మిగిలిన గోడలనూ పడగొట్టారు. చారిత్రక కట్టడాల జాబితాలో అప్పటికి చేరకపోవడమే, నా దృష్టిలో, అన్నిటికన్నా బాధాకరమైన విషయం. మూడేళ్లలో తిరిగి కట్టాలని స్థానిక కౌన్సిల్ 2024 ఫిబ్రవరిలో యజమానులకు ఉత్తర్వు ఇచ్చింది.