డిడ్జెరిడూతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: ఆస్ట్రేలియా ఆదివాసీలు ఊదే డిడ్జెరిడూ అనే వాయిద్యాన్ని వీడియోల్లో చూశాను. టూరిస్టుల ముందు వాయించడమేనా, దాంతో పెద్ద సంగీతకారులు అయినవాళ్ళు ఉన్నారా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉన్నారండీ, విలియం బార్టన్ గురించి తప్పకుండా తెలుసుకోండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మౌంట్ ఐసా అనే మైనింగ్ టౌన్‌లో 1981లో పుట్టారు, కల్కడుంగా అనే ఆదివాసీ జాతి ఆయనది. ఆర్థర్ పీటర్సన్ అనే పెద్దాయన దగ్గర నేర్చుకుని, టీనేజ్‌లోనే క్వీన్స్‌లాండ్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయించేశారు!

ఇందులో అసలు కష్టం ఏంటంటే అది చెదలు లోపలంతా తినేసిన యూకలిప్టస్ కొమ్మ, రంధ్రాలుండవు, మీటలుండవు, తంబూరా శ్రుతిలా ఒకటే అడుగు స్వరం ఆగకుండా మోగుతూ ఉండాలి, దానికోసం బుగ్గల్లో గాలి దాచుకుని బయటికి నెడుతూ అదే టైంలో ముక్కుతో పీల్చాలి, ఆ పైన నాలుకతో గొంతుతో రిథమ్, జంతువుల అరుపులు కూడా కలపాలి. నాకైతే ఇది ఏ వయొలిన్‌కీ తక్కువ విద్య కాదు.

పీటర్ స్కల్‌థోర్ప్ అనే పెద్ద కంపోజర్ 2004లో తన రిక్వియంలో (చనిపోయినవాళ్ళ కోసం రాసే సంగీత రచన) డిడ్జెరిడూకి చోటిచ్చారు, వాయించింది బార్టనే. అక్కడితో ఆగలేదు, తనే ఆర్కెస్ట్రాకి రాయడం మొదలుపెట్టారు, కల్కడుంగు అనే ఆల్బమ్‌కి 2012లో ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చే ఆరియా అవార్డ్ వచ్చింది. 2023కి క్వీన్స్‌లాండ్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ అవార్డ్ కూడా ఆయనకే. వాళ్ళమ్మ డెల్మే గాయని, కవయిత్రి, ఇద్దరూ కలిసి స్టేజ్ ఎక్కుతారు, ముందు ఆ కచేరీలు వెతికి వినండి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎందుకంటే ఫోన్ స్పీకర్‌లో ఆ కింది స్వరం సగం వినపడదు.